పదకొండు ఎక్కి తొమ్మిది దిగే మెట్లు

నలభై ఒక్క పలకలు. నలభై ఒక్క కొయ్య చట్రాలు; అందులో ఆరింటికి మూలల్లో రేకు ముక్కలు కొట్టి ఉన్నాయి. చట్రానికి బెజ్జం వేసి దారంతో కట్టిన తుడుపు గుడ్డలు ముప్పై మూడు. మిగతా ఎనిమిది మంది ఉమ్మేసి అరచేత్తో తుడిచేవాళ్ళు. బలపాలు లెక్కలోకి తీసుకోలేదు, అవి ఎట్లాగూ అరిగిపోయేవే. ఒక పంతులమ్మ మాట మీద ఒక పల్లెకు ఉన్న నమ్మకం కూడా పోయింది. దానికి లెక్క కట్టడం నాకు చేతకాదు కాబట్టి ఒకటి అని వేసుకున్నాను.

ఇవన్నీ కొమరోలు పక్కన ఒక చిన్న పల్లె బడివి. దొంగలు ఎత్తుకుపోలేదు, వాగులో కొట్టుకుపోలేదు. మార్కాపురం కాలేజీ ఆవరణలో చదువు గొప్పతనం చాటడానికి కట్టిన స్తంభంలోకీ దాని మెట్ల కిందికీ పోయాయి. లెక్క తప్పని ఎవరూ అనలేరు. లెక్కపెట్టుకున్నదీ, బండికి ఎత్తించుకున్నదీ నేనే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి అప్పటికి మూడేళ్ళు నిండలేదు. అప్పుడు మాది కర్నూలు జిల్లా, రాజధాని కూడా కర్నూలే. కాబట్టి మార్కాపురంలో కాస్త తెల్లచొక్కా వేసుకున్న ప్రతివాడూ తన ఇంటి అరుగు మీద నుంచి రాజధాని కనిపిస్తున్నట్టు మాట్లాడేవాడు. ఊరి బయట కాలేజీ కడుతున్నారు. గోడలు నడుమెత్తు లేవకముందే అది రేపు యూనివర్సిటీ అయి తీరుతుందని పెద్దలు తేల్చుకున్నారు. యూనివర్సిటీ అన్నాక ఆవరణలో ఒక స్మారకం ఉండాలట. తరగతి గదులకు కప్పు లేదు. స్మారకానికి మాత్రం కమిటీ పడింది.

కమిటీ అధ్యక్షుడు మా యజమాని. ఆయన పలకల కార్ఖానాలో నేను లెక్కలు చూసేవాణ్ణి. నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి, రాతి దగ్గరే లెక్క నేర్చుకున్నాను. గని నుంచి దిమ్మె రాగానే అది ఎన్ని పొరలుగా విడుతుంది, పొరకు ఎన్ని పలకలు తెగుతాయి, అందులో ఎన్ని పగులుతాయి అని ముందే చెప్పడం నా పని. నూటికి రెండు మూడు తప్పేవి. కమిటీలో నాకంటే చదువుకున్నవాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ కొలబద్ద పట్టుకోగా నేను చూడలేదు.

స్మారకం ఎట్లా ఉండాలో చెప్పింది కోస్తా నుంచి వచ్చిన తెలుగు లెక్చరరు. ఆయన ఎనిమిది పేజీల కరపత్రం అచ్చు వేయించాడు. ఒక్కో వస్తువుకూ ఒక్కో అర్థం. కింద కళ్ళకు గంతలతో వెల్లకిలా పడి ఉన్న మనిషి అజ్ఞానం. అతని గుండెల మీద కుడికాలు మోపి నిలబడ్డ సిమెంటు స్త్రీ విద్య. ఆమె ఎడమచేతిలో దీపం వివేకం. వెనక నాలుగు ముఖాల స్తంభం ప్రజ. ఆమె పాదాల దాకా ఎక్కే పదకొండు మెట్లు మన రాష్ట్రంలోని పదకొండు జిల్లాలు. అర్థం లేని వస్తువు అందులో ఒక్కటీ లేదు. వాన పడితే నీళ్ళు పోవడానికి తూము కూడా లేదు. దానికి ఏ అర్థమూ తోచి ఉండదు.

విద్యకు బెజవాడ నేత చీర, జడలో పూలు పెట్టారు. అజ్ఞానానికి మోకాళ్ళ పైకి గోచి, భుజాన గొంగడి, పక్కన ఒక కొడవలి పెట్టారు. అంటే మా చుట్టుపక్కల పొద్దున లేస్తే కనిపించే ప్రతి మనిషీ.

స్తంభానికి నాలుగు వైపులా పలకలు పొదగాలన్నారు. మార్కాపురంలో పలకలకేం కొదవ, కార్ఖానా నుంచి బండెడు తోలిస్తే సరి అనుకున్నాను. లెక్చరరు ఒప్పుకోలేదు. కొత్త పలక వట్టి రాయి అన్నాడు, పిల్లవాడి అక్షరం పడ్డాకే అది పలక అవుతుందన్నాడు. పిల్లలు రాసుకునే పలకలే కావాలి, రాసిన అక్షరాలతో సహా కావాలి. మా యజమాని ఆ మాటకు అందరికంటే ముందు తల ఊపాడు. కొత్త పలకలైతే అమ్ముడుపోతాయి కదా.

అట్లా ఒక బండి, ఒక నోటు పుస్తకం ఇచ్చి నన్ను మార్కాపురం, గిద్దలూరు, కొమరోలు చుట్టూ ఇరవై ఏడు బడులకు తిప్పారు. అప్పటికి ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయి. ఇరవై ఆరు బడుల్లో నవ్వుతూ ఇచ్చారు. పిల్లవాడి పలక స్తంభంలో ఉంటుందంటే తండ్రులకు సంతోషం. వాళ్ళు మరునాడే ఇంకొకటి కొనగలరు. ఇరవై ఏడోది ఈ పల్లె బడి. అందరూ కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబాలు. ప్రార్థన జరిగే పాకలోనే నాలుగు తరగతులూ నడిచేవి. పంతులమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. నేనిచ్చిన కమిటీ కాగితం రెండుసార్లు చదివింది.

"అన్నా, ఇవి మళ్ళ ఎప్పుడిస్తారు?"

"బడి తెరిచేనాటికి కొత్తవి ఇస్తారమ్మా. పలకకు పలక."

"తెరిచేనాటికంటే తెరిచిన రోజా, తెరిచినంకనా?"

"తెరిచిన రోజే."

"అట్లయితే ఆ మాట రాయన్నా. నీ చేత్తోనే రాయి."

రాసి కమిటీ తరఫున సంతకం పెట్టాను. ఆమె కాగితం మడిచి పెట్టుకున్నాక, ఎందుకు అంత పట్టుబట్టిందో చెప్పింది.

"ఒక్కో పలకకు ఒక్కో ఇంట్లో మొగుడూ పెళ్ళాం కొట్లాడినారన్నా. పలక కొన్నాక మాత్రం పిల్లోన్ని బడి మాన్పియ్యరు. దుడ్లు పెట్టినాము గదా, పోనీలే అంటారు. పలక ఇంట్ల లేకపోతే గొర్రెల కాడికి పంపిస్తారు."

కరపత్రంలోని ఎనిమిది పేజీల్లో పలకకు ఒక్కదానికే నాలుగు అర్థాలు ఇచ్చారు. ఆమె చెప్పింది అందులో లేదు. ఆ పల్లెలో పిల్లవాడు పొద్దున్నే బడికి రావడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక కారణం ఆ పలక. నేను నలభై ఒక్క కారణాలను వరిగడ్డి మధ్య సర్ది బండికెక్కించుకున్నాను. బడి తెరిచేనాటికి కొత్తవి వస్తాయని పంతులమ్మ తల్లిదండ్రులకు తన మాటగా చెప్పింది. పిల్లలు ఎవరి పేరు వాళ్ళు రాసి ఇచ్చారు. ఒక పిల్ల పేరు పట్టక చివరి అక్షరం చట్రం మీద రాసింది.

మొత్తం వెయ్యి నలభై మూడు పలకలు కాలేజీ ఆవరణలో దించాము. చట్రాలతో పొదిగితే అందంగా ఉండదని అన్నింటి చట్రాలూ ఊడబీకించారు. ఆ కొయ్య రెండు వారాల పాటు మేస్త్రి మనుషులకు అన్నం ఉడికించుకోవడానికి సరిపోయింది. స్తంభం పక్కకు మూడడుగులు, ఎత్తు పద్దెనిమిది అడుగులు, వైపులు నాలుగు. చట్రం తీసిన పలక అడ్డం ఆరంగుళాలు, నిలువు తొమ్మిది. ఐదు వందల డెబ్బై ఆరు చాలు. పగుళ్ళకు ఇరవై నాలుగు వేసుకుంటే ఆరు వందలు. ఈ లెక్క పలకలు వసూలు చేయకముందే చెప్పాను. "అన్ని బళ్ళూ పాల్గొనాల గదబ్బీ" అన్నాడు యజమాని.

స్తంభం లేచింది. నాలుగు వైపులా పిల్లల చేతిరాత, అ ఆలు, పేర్లు, ఒకచోట రెండో ఎక్కం. చూడటానికి బాగానే ఉందని ఒప్పుకుంటాను. రోహిణి కార్తె పోతూనే ఒక జల్లు పడింది. అరగంట వాన. తెల్లారి చూస్తే స్తంభం మీద ఒక్క అక్షరం లేదు. నల్లగా తళతళలాడుతూ నిలబడి ఉంది.

మాది దేశానికంతా పలకలు పంపే ఊరు. పలక మీద తడి తగిలితే అక్షరం పోతుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు తెలుసు. అది పోవడం కోసమే పలక చేస్తారు. కమిటీలో నలుగురికి సొంత కార్ఖానాలున్నాయి. నాతో సహా ఒక్కరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. లెక్చరరు మాత్రం కంగారుపడలేదు. అక్షరం చెరిగినా జ్ఞానం చెరగదని కరపత్రం రెండో ముద్రణలో ఒక వాక్యం కలిపాడు.

జూన్లో బడులు తెరిచారు. కొత్త పలకలు లేవు. అడిగితే స్మారకం ఆరంభోత్సవం అయ్యాక అన్నారు. పది రోజులు చూసి, నేను కార్ఖానాలో మూల విరిగిన పలకలు, చట్రం లేనివి, ఒక గోనెసంచిలో వేసుకుని ఆ పల్లెకు పోయాను. బడిలో ముప్పై నాలుగు మంది ఉన్నారు. సంచి విప్పిన గంటలోనే ఒక పిల్ల బొటనవేలు తెగింది. సాయంత్రం దాని తండ్రి వచ్చి పాక ముందు నిలబడ్డాడు.

"మంచియి తీసకపోయి పగిలినయి తెచ్చినావా అన్నా?"

"తాత్కాలికానికి తెచ్చినా. కొత్తవి వస్తాయి."

"వచ్చినప్పుడే బడికొస్తది లే. అందాక మేకల కాడ ఉంటది."

అతను కోపంగా అనలేదు. నాకు కాస్త నీళ్ళు కూడా ఇప్పించాడు.

జీతంలోంచి నువ్వే కొనివ్వవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. నేను కొనలేదు. వచ్చే వారం ఇస్తారు, ఆ పై వారం ఇస్తారు అని నమ్ముతూ కూర్చున్నాను. నా చేత్తో రాసిన మాట కదా, చెల్లుతుందనుకున్నాను. నా జీవితంలో వేసిన లెక్కల్లో అంత తప్పు లెక్క ఇంకొకటి లేదు.

శ్రావణం వచ్చేసరికి బడిలో ఇరవై ఆరు మంది. పంతులమ్మ మనిషి చేత కబురు పంపింది: పిల్లలు ఇరవైకి తగ్గితే బడి ఎత్తేస్తారు, ఏమైనా చేయమని. నేను ఆ పొద్దే పని మధ్యలో వదిలి కాలేజీ ఆవరణకు పోయాను. అక్కడ స్తంభం వెనక పాత పలకలు గుట్టగా ఉన్నాయి. గుట్ట పక్కనే కొత్తగా పునాది తవ్వుతున్నారు. యజమాని, లెక్చరరు, మేస్త్రి ముగ్గురూ ఉన్నారు.

"ఏందబ్బీ, మొహం అట్ల పెట్టుకున్నావు?" అన్నాడు యజమాని.

"కొమరోలు పక్క పల్లె పలకలయ్యా. బడి తెరిచి రెండు నెలలాయె."

"ఇస్తాం లే. ఏడికి పోతాయి."

"స్తంభానికి ఆరు వందలు సరిపోయినాయి. నాలుగు వందల నలభై మూడు ఇక్కడే ఉండాయి. అందులో నలభై ఒకటి ఇప్పుడే ఇయ్యొచ్చు. చట్రాలు నేను వేయిస్తా."

"అవి మిగల్లేదబ్బీ. మెట్లకు కావాల."

మెట్లు ఎప్పుడో పూర్తయ్యాయి కదా అని నేను చూస్తుంటే లెక్చరరు వివరించాడు. "తెలంగాణా కలుస్తోంది కదండీ. అక్కడివి తొమ్మిది జిల్లాలు. పదకొండు మెట్లతో ఉంచితే సగం రాష్ట్రమే అవుతుంది."

"మెట్లు రాతివి గదా సార్. పలకలెందుకు?"

"లోపల నింపడానికి. ప్రతి మెట్టు కిందా ఒక పసివాడి అక్షరం ఉండాలి. ప్రతీక అండీ."

"లోపల పెడితే ఎవరికి కనపడతది సార్?"

"పునాది కనపడకూడదు. దాని గొప్పతనమే అది."

గుట్టలో ఒక వారగా అప్పటికే కూలీలు పలకలను సుత్తితో కొడుతున్నారు. ముక్కలైతే బాగా కూరుకుంటాయట. నేను వాటి వైపు చూడకుండా కొత్త పునాది వైపు చూశాను. మెట్టు ఎత్తు అరడుగు. పదకొండు మెట్లకు ఐదున్నర అడుగులు, అక్కడ విద్య నిలబడి ఉంది. ఇంకా తొమ్మిది పైకి కడితే ఆమె నడుము దాకా వస్తాయి. ఎక్కినవాడు ఆమె ముఖంలో ముఖం పెట్టాల్సి వస్తుంది. అందుకని ఆ తొమ్మిదీ స్తంభం వెనక వైపు కిందికి కడుతున్నారు. ముందు నుంచి పదకొండు ఎక్కాలి, వెనక నుంచి తొమ్మిది దిగాలి.

"పదకొండు ఎక్కి తొమ్మిది దిగితే ఇంకా రెండు మిగులుతాయి సార్" అన్నాను. "నేలకు అడుగెత్తు. ఆడి నుంచి దూకాల."

లెక్చరరు యజమాని వైపు చూశాడు. యజమాని మేస్త్రి వైపు చూశాడు.

"నేను పొద్దున్నే చెప్పినా గదయ్యా" అన్నాడు మేస్త్రి. "సున్నం కలిపేటోని మాట ఎవరింటారు. ఇంకొకటి కూడా ఉండాది. మేము దిగేటందుకేనా అని రేపు ఆ జిల్లాలోళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

"నువ్వు సున్నం చూసుకో" అన్నాడు యజమాని.

ముగ్గురూ చాలాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. చివరికి వెనక వైపు రెండు బోడి రాళ్ళు అదనంగా వేయడానికి నిర్ణయమైంది. అవి ఏ జిల్లావీ కావు, వట్టి రాళ్ళు. వాటి కింద మాత్రం పలకలు పోయనక్కర లేదన్నారు. తర్వాత పద్నాలుగేళ్ళకు మమ్మల్ని కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపినప్పుడు ఒక బోడి రాయికి దాని పేరు పెట్టుకున్నారు. రెండోది ఇంకా ఎవరికోసమో ఖాళీగా ఉంది.

ఆ వారమంతా రోజూ పోయి నిలబడ్డాను. ఒక మెట్టు నిండితే మిగిలినవి ఇస్తామనేవాళ్ళు. మెట్టు నిండేది, ఇంకో మెట్టు మొదలయ్యేది. తొమ్మిదో మెట్టు కప్పేసిన రోజున గుట్ట ఉన్న చోట గడ్డి, రాతిపొడి, వాటి మధ్య పగలని పలకలు పద్దెనిమిది ఉన్నాయి. మేస్త్రి వాటిని కడిగి నా చేతికిచ్చాడు. యజమాని నోటు పుస్తకంలో పద్దెనిమిది ముట్టినవి అని నాచేత సంతకం చేయించుకున్నాడు. అంత జాగ్రత్త ఆయన మెట్లు ఎంచేటప్పుడు చూపలేదు.

మా వడ్రంగి రెండు రోజుల్లో చట్రాలు వేశాడు. గిద్దలూరు బస్సులో, అక్కడి నుంచి కొమరోలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. ఆ పొద్దు బడికి వచ్చినవాళ్ళు ఇరవై ఒక్కరు.

"ఎవరికియ్యాలన్నా ఇవి?" అంది పంతులమ్మ. "ఇక్కడున్నోళ్ళకిస్తే పోయినోళ్ళు ఎట్ల వస్తారు? పోయినోళ్ళకిస్తే ఉన్నోళ్ళు పోతారు."

"నువ్వే చెప్పమ్మా."

"లెక్క నీదే గదా."

ఆమె ఆలోచించి, పలకకు రెండు వైపులు ఉన్నాయి కాబట్టి ఇద్దరికొకటి అంది. ఒకడు ఒక వైపు, ఇంకొకడు రెండో వైపు. ముప్పై ఆరు మందికి సరిపోతుంది. పిల్లలున్న ప్రతి గడపా తొక్కి చెప్పింది. ముప్పై మంది దాకా వచ్చారు. నాలుగు రోజులు నడిచింది. ఒకడు రాస్తుంటే రెండోవాడు చూస్తూ కూర్చోవాలి. సాయంత్రం పలక ఒక ఇంటికే పోతుంది. రెండో ఇంట్లో పలక లేదు. ఆమె మొదటి రోజు నాతో చెప్పింది చెప్పినట్టే జరిగింది. వారం తిరిగేసరికి పలక ఇంటికి తీసుకుపోయే పద్దెనిమిది మంది మిగిలారు. ఇద్దరు పెద్దవాళ్ళను, చదువు మానిన పిల్లల అన్నలను, పేరుకు బడిలో వేసుకుని ఆమె ఇరవై చూపించింది. బడి నిలిచింది. ఇరవై మూడు మంది మళ్ళీ రాలేదు.

ఆరంభోత్సవానికి అన్ని బడుల నుంచీ జనాన్ని రమ్మన్నారు. ఆ పల్లె నుంచి కూడా పది మంది వచ్చారు. పలకలు ఏడ ఉన్నాయో చూద్దామని. బొటనవేలు తెగిన పిల్ల తండ్రి కూడా వచ్చాడు. ఉపన్యాసాలు నడుస్తున్నంతసేపూ అతను కింద పడున్న అజ్ఞానాన్నే చూస్తూ ఉన్నాడు.

"ఈయన అచ్చం మా మామ లెక్క ఉండాడే" అన్నాడు పక్కవాడితో.

"మీ మామకు గొంగడి యాడుంది?"

"ఉండె. పోయినేడు అమ్ముకున్నాడు." నా వైపు తిరిగి అడిగాడు, "ఆమె ఎందుకన్నా అట్ల తొక్కుతాంది?"

కరపత్రంలో ఉన్నది చెప్పాను. ఆమె చదువు, ఇతను చదువు లేకపోవడం అన్నాను.

"చదువు లేకపోతే తొక్కుతారా, నేర్పిస్తారా?"

వేదిక మీద చప్పట్లు మొదలయ్యాయి. అతను కూడా అందరితో పాటు కొట్టాడు. తర్వాత మెట్లు పదకొండూ ఎక్కి, వెనక నుంచి దిగి, బోడి రాళ్ళ దగ్గర ఒకసారి కాలితో తట్టి చూసి, బస్సుకు పోయాడు.

ఆ ఏడాదే నేను కార్ఖానా మారాను. కాలేజీ యూనివర్సిటీ కాలేదు. స్మారకం దగ్గర ఏటా దండ వేస్తారు. కరపత్రం ఇప్పుడు దొరకదు కాబట్టి విద్య ఎవరో, ప్రజ ఏదో పిల్లలకు తెలియదు. స్తంభం నీడలో సైకిళ్ళు పెట్టుకుంటారు, అజ్ఞానం మోకాలి మీద కూర్చుని పల్లీలు తింటారు. నాకు తెలిసి ఆ స్మారకం చేసిన ఉపకారం అదొక్కటే.

ఏటా బడులు తెరిచే వారంలో కమిటీకి ఒక కార్డు రాస్తాను. పద్నాలుగు రాశాను, ఒకటికి జవాబు వచ్చింది. ఆ పలకలు పోలేదని, మెట్ల కింద భద్రంగా ఉన్నాయని, ఎక్కే ప్రతి విద్యార్థినీ అవే మోస్తున్నాయని రాశారు. పోయిన నెల మా కార్ఖానాకు పలకల పెట్టెలు లారీకి ఎత్తడానికి కొమరోలు వైపు నుంచి కూలీలు వచ్చారు. ఒక ఆడమనిషి కూలి తీసుకునేటప్పుడు సంతకానికి బదులు బొటనవేలు చాపింది. ఊరు అడిగాను, చెప్పింది. వయసు అడిగాను, సుమారుగా చెప్పింది; ఆ ఏటి బడి పిల్లల ఈడే. బొటనవేలి మీద పాత గాటు ఏమీ లేదు, ఆ పిల్ల కాదు. ఇంకో పిల్ల. సిరా నేనే పూశాను.

ఆమె పోయాక కార్డు తీసి పదిహేనోది రాశాను. ఇచ్చినవి పద్దెనిమిది, ఇవ్వాల్సినవి ఇరవై మూడు.